అధ్యక్షుల సినిమాల సమీక్ష పక్కన ఒక బాక్స్ ఐటమ్ కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా అధ్యక్షుల జీవితాల మీద తీసిన సినిమాలు ఓటీటీల పుణ్యమా అని ఇప్పుడు మన ఇళ్లలోకే వస్తున్నాయి. వాటి మీద తెలుగులో వచ్చే సమీక్షలు మాత్రం నటన, మేకప్, ఆస్కార్ల దగ్గరే ఆగిపోతున్నాయి. సినిమాలో రికార్డుల ప్రకారం ఉన్నదేది, రచయిత కల్పించిందేది అన్న సంగతి పది లైన్ల బాక్స్ ఐటమ్‌గా సమీక్ష పక్కనే వేయమని నా విజ్ఞప్తి. ఎక్కడ వెతకాలో తెలిస్తే ఇది గంట పని.

2012లో స్పీల్‌బర్గ్ తీసిన ‘లింకన్’నే తీసుకోండి. పుట్టుక నుంచి చావు దాకా ఏకరువు పెట్టకుండా, ముఖ్యంగా 1865 జనవరి నెల మీదే కథ నడిపారు. బానిసత్వాన్ని రద్దుచేసే 13వ రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభలో గట్టెక్కించడమే అందులో విషయం. డేనియల్ డే లూయిస్ సన్నని గొంతుతో మాట్లాడటం కొందరికి నచ్చలేదు. లింకన్‌ది గంభీరమైన కంఠమని మనం ఊహించుకుంటాం కదా! కానీ ఆయనతో కలిసి ప్లీడరీ చేసిన విలియం హెర్న్‌డన్ ఆ గొంతు కీచుగా ఉండేదనే రాశాడు. సినిమాలో వినిపించే గడియారం చప్పుడు కూడా కెంటకీ హిస్టారికల్ సొసైటీ దగ్గరున్న లింకన్ జేబు గడియారం నుంచి రికార్డు చేసిందే.

ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు ఓటింగ్ దగ్గర తప్పు చూపించారు. సినిమాలో రాష్ట్రాల వారీగా పేర్లు పిలుస్తారు. కనెటికట్ సభ్యులిద్దరు సవరణకు వ్యతిరేకంగా ఓటేస్తారు. జనవరి 31న నిజంగా జరిగింది వేరు. సభ్యుల పేర్లు అక్షరక్రమంలో పిలిచారు, కనెటికట్ సభ్యులు నలుగురూ అనుకూలంగానే ఓటేశారు. 2013లో ఆ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభలో ఉన్న జో కోర్ట్నీ ఈ తప్పును ఎత్తిచూపితే, స్క్రీన్‌ప్లే రాసిన టోనీ కుష్నర్ మార్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఫలితం చివరిదాకా తేలలేదని ప్రేక్షకుడికి అర్థం కావడానికే అలా చేశామన్నాడు. అసలు సభ్యుల పేర్లు వాడలేదు కదా అని కూడా అన్నాడు. ఈ సమర్థన నాకు రుచించదు. మనుషుల పేర్లు మార్చినా రాష్ట్రం పేరు అలాగే ఉంచారు, నింద ఆ రాష్ట్రం మీద పడింది.

పైగా ఉత్కంఠ అసలు అంకెల్లోనే కావలసినంత ఉంది. అనుకూలం 119, వ్యతిరేకం 56. సవరణ నెగ్గాలంటే ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది అనుకూలంగా ఉండాలి. 175 మందిలో అది 117, అంటే రెండే ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ రోజు ఎనిమిది మంది ఓటు వేయలేదు. వాళ్లు కూడా వచ్చి వ్యతిరేకంగా వేసి ఉంటే మొత్తం 183 అయ్యేది, కావలసినవి 122కు పెరిగేవి, 119తో సవరణ వీగిపోయేది. గెలిపించిన ఓట్ల సరసన ఆ ఎనిమిది ఖాళీ కుర్చీలనూ లెక్కపెట్టాలి. ఈ లెక్క బాక్సులో వేస్తే పాఠకుడు ఆ సన్నివేశాన్ని కొత్త కళ్లతో చూస్తాడు.

మన పాఠకులకు ఇంకో వివరణ కూడా అవసరం. మన దగ్గర 368వ అధికరణం కింద సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదముద్ర తప్పనిసరి. అమెరికాలో సవరణకు అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. లింకన్ మర్నాడు సంతకం చేస్తే, అది అక్కర్లేదని సెనేట్ తీర్మానమే చేసింది. ఆ తర్వాత రాష్ట్రాల ఆమోదం పూర్తయ్యేసరికి 1865 డిసెంబర్ 6 వచ్చింది. అప్పటికి లింకన్ లేడు.

తప్పులు దొర్లే దారులు కొన్నే. మొదటిది, ఎవరినో ఒకరిని హీరోగా నిలబెట్టాల్సి రావడం. క్యూబా క్షిపణుల సంక్షోభం మీద 2000లో వచ్చిన ‘థర్టీన్ డేస్’లో కెవిన్ కాస్ట్నర్ వేసిన కెనెత్ ఓడానెల్ (అధ్యక్షుడు కెనెడీ సహాయకుడు) అన్ని నిర్ణయాల్లోనూ కనిపిస్తాడు. ఆ పాత్ర నిజానికి పోషించింది కెనెడీ సలహాదారు టెడ్ సోరెన్సన్ అని నాటి రక్షణ మంత్రి మెక్‌నమారా నిరసన తెలిపాడు. ఆ సమావేశాలను కెనెడీ రహస్యంగా టేపుల్లో రికార్డు చేయించాడు కాబట్టి ఎవరు ఎంత మాట్లాడారో వెతికి పట్టుకోవచ్చు.

రెండోది, ఎదురెదురుగా ఇద్దరిని నిలపాలన్న తాపత్రయం. నల్లజాతివారి ఓటు హక్కు ఉద్యమం మీద తీసిన ‘సెల్మా’ అధ్యక్షుడి జీవితకథ కాకపోయినా అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పాత్ర అందులో కీలకం. ఓటు హక్కు చట్టం విషయంలో ఆయన మార్టిన్ లూథర్ కింగ్‌కు అడ్డుపడ్డట్టు కనిపిస్తాడు. 1965 జనవరి 15 నాటి ఫోన్ రికార్డు వినండి. నల్లజాతివారికి ఓటు నిరాకరిస్తున్న తీరుకు అతి దారుణమైన ఉదాహరణ వెతికి జనానికి చాటిచెప్పమని కింగ్‌కు జాన్సనే సలహా ఇస్తాడు. మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను డేవిడ్ ఫ్రాస్ట్ టీవీలో ఇంటర్వ్యూ చేసిన కథ ‘ఫ్రాస్ట్/నిక్సన్’లో నిక్సన్ తాగి అర్ధరాత్రి చేసే ఫోన్ కాల్ అయితే పూర్తిగా కల్పితం.

మూడోది కాలాన్ని జరపడం. 1939 నాటి ‘యంగ్ మిస్టర్ లింకన్’లో కొత్తగా నల్లకోటు వేసిన యువకుడు పంచాంగం చూపించి హత్యకేసు గెలుస్తాడు. ఆ కేసు నిజమే, కానీ నడిచింది 1858లో, అప్పటికి లింకన్‌కు 49 ఏళ్లు. వెన్నెల్లో హత్యను చూశానన్న సాక్షి మాటను లింకన్ పంచాంగంతో ఖండించాడు. సినిమాలో ఆ వేళకు చంద్రుడు అస్తమించాడంటాడు; నిజానికి అస్తమించలేదు, పడమట బాగా కిందికి దిగి ఉన్నాడు. సాక్షే హంతకుడని కోర్టులో తేల్చడం సినిమా చేర్చిందే.

మీ విలేకరులు మొదట చూడాల్సింది సినిమా ఎన్ని రోజుల కథ చెబుతోందన్నది. ఎన్ని ఎక్కువ ఏళ్లు ఇరికిస్తే అంత ఎక్కువ అతుకులు పడతాయి. తర్వాత, కథ ఎవరి జ్ఞాపకాల మీద ఆధారపడిందో టైటిల్స్‌లో చూడాలి. ఓటింగుల కోసం, 1873 వరకు అయితే, అమెరికా చట్టసభల చర్చలను నమోదు చేసిన ‘కాంగ్రెషనల్ గ్లోబ్’ సంపుటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కెనెడీ, జాన్సన్, నిక్సన్ సంభాషణలకు వాళ్ల పేరిట ఉన్న అధ్యక్ష గ్రంథాలయాలు, వర్జీనియా విశ్వవిద్యాలయంలోని మిల్లర్ సెంటర్ ఉన్నాయి. టేపుల నకళ్లు రాతలో దొరికినా ఆడియో కూడా వినడం మంచిది. పాత టేపుల్లో మాటలు సరిగా వినపడక, రాసినవాళ్లు పొరబడిన చోట్లున్నాయి.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, విజయవాడ