పల్లె పిల్లలకు తొలి సెమిస్టర్‌లో అండ కావాలి

సంపాదకులకు,

హైదరాబాద్‌లోని పెద్ద విద్యాసంస్థల్లో సీటు తెచ్చుకున్న పల్లె పిల్లలు, గురుకులాల పిల్లలు తొలి సెమిస్టర్‌లోనే డీలా పడిపోవడం అధ్యాపకురాలిగా ఏళ్ల తరబడి చూశాను. జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబును మనసులో ఇంగ్లీషులో కూర్చుకునేలోపు చర్చ మరో అంశానికి వెళ్లిపోతుంది. సగం లేచిన చెయ్యి దిగిపోతుంది. ఇలా కొన్ని తరగతులు గడిచాక, చెయ్యి దించేసుకున్న ఆ అమ్మాయి వెనక బెంచీకి చేరుతుంది. ‘ఏ స్కూల్లో చదివావు?’ అని అడుగుతారేమోనని మెస్‌కు కూడా అందరూ తిన్నాకే వెళ్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం ‘బాగానే ఉన్నానమ్మా’ అంటుంది. తెలివిగల పిల్ల తనను తాను మొద్దుగా భావించుకోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో సాగిన ఉద్యమాల తర్వాత, ప్రాంతీయ అసమానతలు తగ్గించేందుకు 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చిన నగరం మనది. ఇక్కడ మన పిల్లలే పరాయివాళ్లలా మెలగకూడదు.

ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లోనే చెప్పింది. నేను పనిచేసిన చోట అది తలుపు మీద బోర్డుగానే మిగిలింది. ఇంగ్లీషు రాత, కంప్యూటర్ వాడకం నేర్పే తరగతులను అలసిపోయిన సాయంత్రాలకు నెట్టకుండా టైంటేబుల్‌లోనే చేర్చాలి. మొదటి సెమిస్టర్‌లో తెలుగులో సందేహం అడిగే స్వేచ్ఛ ఇవ్వాలి. ఉపకార వేతనం తొలి నెలలోనే చేతికందాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, తార్నాక, హైదరాబాద్