పేరు రాయొద్దన్న పెద్దమ్మకు వందనాలు

కాజీపేటలో మా చర్చి సంఘంలో, ఆడవాళ్ల చాపల వరుసలో గోడ పక్కన కూర్చునే పెద్దమ్మా, మీకు ప్రభువు నామంలో వందనాలు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కానీ నలుగురిలో కృతజ్ఞత చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నాన్న పోయాక పొలం పంపకాల దగ్గర తమ్ముడికీ నాకూ మాటలు ఆగిపోయాయి. ఆదివారం పాటలు పాడి, ప్రార్థన చేసి ఇంటికొచ్చేదాన్ని, లోపల మంట మాత్రం ఆరలేదు. ప్రభు బల్ల రోజు, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ సంఘమంతా రొట్టె తీసుకునే రోజు, నేను తీసుకోకుండా తల దించుకుని కూర్చోవడం మీరొక్కరే గమనించారు. ఎందుకని అడగలేదు. మీ బైబిల్లో మత్తయి 5వ అధ్యాయం తీసి, 23, 24 వచనాల మీద వేలు పెట్టి చూపించారు. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు చెప్పిన మాట అది. ఆ పేజీ అంచులు వాడి వాడి మెత్తబడిపోయాయి.

అంతటితో వదిలేయలేదు. హనుమకొండ బస్టాండ్‌లో తమ్ముడింటికి వెళ్లడానికి నాతోపాటు పరకాల బస్సెక్కారు. క్షమించడమంటే జరిగింది తప్పే కాదనడం కాదు, పగను దేవుడికి అప్పగించడం అని దారిలో మీరన్నారు. ఆ మాటతోనే నాకు తమ్ముడి ముందు నోరు పెగిలింది. వాళ్లింట్లో మీరు ఒక్క తీర్పూ చెప్పలేదు, మా మరదలి పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశారు.

పొలం లెక్క ఇంకా తేలలేదు, దానికి పెద్దమనుషులున్నారు. తమ్ముడు మాత్రం ఫోన్ చేస్తున్నాడు. వాక్యం ఇంట్లోనూ చదువుకోవచ్చు గానీ, ముఖం చూసి బాధ కనిపెట్టే మనిషిని దేవుడు నాకు సంఘంలోనే ఇచ్చాడు.

క్రిస్మస్‌కు తమ్ముడు వాళ్లు వస్తున్నారు. మీరూ మా ఇంటికే భోజనానికి రావాలి పెద్దమ్మా.