రామ్సెస్ ముక్కులో మిరియాలు

అమ్ములూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. ఈజిప్టు వాళ్లు మూడు వేల ఏళ్ల కిందటే పడవలేసుకుని అమెరికా వెళ్లి కొకైన్ తెచ్చుకున్నారని అందులో మాట్లాడినాయన ఎంత ధీమాగా చెప్పాడో! "మా మ్యూనిక్ మ్యూజియం మమ్మీల్లోనే దొరికిందట, నిజమేనా అమ్మా?" అని అడిగావు. ఫోన్లో మొదలుపెడితే సగంలో క్లాసుందంటావు, అందుకే రాస్తున్నా.

పరీక్ష జరిగిన మాట నిజమే. జర్మనీలోనే ఉల్మ్‌లో పనిచేసే స్వెత్లా బాలబనోవా అనే ఫోరెన్సిక్ టాక్సికాలజిస్టు (ఒంట్లో విషాలు, మందులు ఉన్నాయేమో పరీక్షించే నిపుణురాలు), మరో ఇద్దరితో కలిసి తొమ్మిది మమ్మీల జుట్టు, ఎముక, కండ పరీక్షించారు. అందులో హెనుత్ తావి అనే ఆవిడ శవం సుమారు క్రీ.పూ. 1000 నాటిది. నికోటిన్, కొకైన్, గంజాయిలో ఉండే టీహెచ్‌సీ కనిపించాయని 1992లో ఒక జర్మన్ సైన్సు పత్రికలో వేశారు. గంజాయితో పేచీ లేదు, అది ఆసియా మొక్కే. నికోటిన్ ఉండే పొగాకు, కొకైన్ తీసే కోకా మొక్క మాత్రం అమెరికా ఖండాలవి. 1492లో కొలంబస్ వెళ్లాకే అవి ఇటువైపు వచ్చాయి. అందుకే అంత గొడవ. తిడుతూ ఉత్తరాలు కూడా వచ్చాయని ఆవిడే చెప్పుకున్నారు. ఆవిడ దొంగ లెక్కలు రాశారని నేననుకోను. నికోటిన్ కనిపించిందంటే ఉండే ఉంటుంది. అది ఎప్పుడు, ఎటునుంచి వచ్చి చేరిందన్నదే తేలాలి.

కందుకూరు దగ్గర అమ్మమ్మ వాళ్ల పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) నీకు గుర్తుండదు, నువ్వు పుట్టేసరికే తీసేశారు. పచ్చాకు కర్రలకు కట్టే రోజుల్లో వేళ్లకు జిగురు పట్టి నల్లగా తారులా అయ్యేది. సబ్బుతో ఎంత రుద్దినా ఓ పట్టాన వదిలేది కాదు. ఆ చేతులతోనే జడలు సవరించుకునేవాళ్లం. జన్మలో చుట్ట ముట్టని దాన్ని, నా వెంట్రుక అప్పుడు ల్యాబుకిస్తే నికోటిన్ వచ్చి తీరేది. అందుకే ల్యాబుల్లో జుట్టును ముందు కడుగుతారు, ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ నుంచి తయారయ్యే కోటినిన్ కోసం కూడా చూస్తారు. కానీ మమ్మీ అంటే మొన్న కత్తిరించిన వెంట్రుక కాదు కదా. మ్యూజియంలో చుట్టలు, పైపులు కాల్చేవాళ్ల మధ్య ఏళ్లకేళ్లు ఉంది. పైగా పేనుబంకకు మన రైతులు కొట్టే పొగాకు కషాయం లాంటిదే, పురుగు పట్టకుండా పాత వస్తువులకు వాడేవారు.

రామ్సెస్ 2 అనే ఈజిప్టు రాజు మమ్మీ కథ కూడా ఇంతే. బూజు పట్టిందని 1976లో దాన్ని పారిస్ తీసుకెళ్తే, మిషెల్ లెస్కో అనే వృక్షశాస్త్రవేత్తకు లోపల పొగాకు తునకలు కనిపించాయి. పొగాకును తినే పురుగు అవశేషాలూ దొరికాయి. వార్త గుప్పుమంది. అయితే ఆ మమ్మీ కట్లు 1886లోనే విప్పేశారు. అంటే తొంభై ఏళ్లు ఎందరి చేతులు పడ్డాయో ఆలోచించు. పురుగు మందుగా వాడిన పొగాకే అయ్యుండొచ్చని బక్‌లాండ్, పనయోటకోపులు అనే పరిశోధకులు 2001లో రాశారు. నాకు అదే సబబుగా తోస్తుంది.

కొకైన్ సంగతి ఇంకాస్త చిక్కు. మాంచెస్టర్‌లో రొజాలీ డేవిడ్ అనే ఈజిప్టు చరిత్ర నిపుణురాలు తమ మ్యూజియం మమ్మీలను పరీక్ష చేయిస్తే కొన్నిట్లో నికోటిన్ వచ్చింది, కొకైన్ రాలేదు. ఈజిప్టులో ఎక్కడా పాతకాలపు కోకా ఆకు గానీ, గింజ గానీ, బొమ్మ గానీ దొరకలేదు. దీని పక్కన ఇటలీలోని మిలాన్ ముచ్చట పెట్టి చూడు. అక్కడి పాత ఆసుపత్రి కింద నేలమాళిగలో పూడ్చిన 17వ శతాబ్దం వాళ్ల మెదడులో కొకైన్ దొరికిందని 2024లో ప్రకటించారు. కొకైన్‌తో పాటు హైగ్రిన్ కూడా కనిపించింది. అది కోకా ఆకులో ఉండే పదార్థం. అంటే తయారుచేసిన మందు కాదు, ఆకు నమిలారన్నమాట. అప్పటికి అమెరికా నుంచి ఓడలు మామూలే కాబట్టి దారి గురించి తగువు లేదు. ఇలాంటి రుజువు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది!

ఈజిప్టు వాళ్లకు మత్తు తెలియదని కాదు సుమా. అమెరికాలోని టాంపా మ్యూజియంలో, బెస్ అనే ఈజిప్టు దేవుడి ముఖం చెక్కిన ఓ కప్పు ఉంది, సుమారు క్రీ.పూ. 2వ శతాబ్దానిది. దాని లోపలి మడ్డిలో నీలి కలువ, హార్మల్ అనే మత్తు మొక్క ఆనవాళ్లు దొరికాయి. రెండూ అక్కడికి దగ్గరలో పెరిగేవే, ఎవరూ అమెరికా వెళ్లనక్కర్లేదు.

దూరం నుంచి వచ్చిన సరుకు కావాలంటే అదే రామ్సెస్ ముక్కులో ఉంది: మిరియాలు. క్రీ.పూ. 1213లో ఆయన పోయాక శవానికి మందులు పెట్టినవాళ్లు ముక్కు రంధ్రాల్లో కుక్కారు. మిరియాల పుట్టిల్లు మన దక్షిణ భారతంలోని పడమటి కనుమలు. చేతులు మారుతూ అంత దూరం వెళ్లాయి. దీన్ని ఎవరూ వీడియోలు చేసి అరవరేం, నాకు కొకైన్ కంటే ఇదే పెద్ద వింతగా ఉంటే!

బాలబనోవా అసలు నోటు ఒక్క పేజీయేనట. మీ లైబ్రరీలో దొరికితే ఫొటో తీసి పంపు, ఎలా కడిగారో, ఏ పద్ధతిలో కొలిచారో నేను చూడాలి. నాన్న గోంగూర పచ్చడి కొరియర్ చేశారు, సీసా కారుతుందేమోనని ఆయన టెన్షన్ ఆయనది. అందగానే మెసేజ్ పెట్టు.

ఉంటాను,
అమ్మ