ఆ రాత్రి నా వీపు మీద తడిగుడ్డ మార్చిన చేతులకు

ఎండకు నా వీపు కాలి మూడు వారాలైంది. వీపు మీద పొట్టు పూర్తిగా రాలిపోయింది, కింద లేత చర్మం వచ్చింది. ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను కాబట్టి ముందుగా మా ఊరి వాళ్లకు దండం పెట్టి మొదలుపెడతాను.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. యాసంగి వడ్లు కోసి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు తోలినం. నాయనకు మోకాలి నొప్పి, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాడు. హైదరాబాద్‌లో ఆఫీసుకు నాలుగు రోజులు సెలవు పెట్టి నేనే వచ్చాను. మిషన్ పెట్టి చూస్తే తేమ 21 వచ్చింది. 17 శాతం లోపు ఉంటేనే కాంటా పెడతారు. మధ్యలో వాన పడితే వడ్లు మొలకొస్తాయని అందరికీ టెన్షన్. అందుకే శనివారం పొద్దున పది గంటలకు కళ్లంలో దిగినదాన్ని మూడున్నర దాకా బయటికి రాలేదు. కాళ్లతో సాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తూనే ఉన్నాను. తలకు చున్నీ కట్టుకున్నాను కానీ వేసుకున్నది వెనక మెడ బాగా దిగిన కుర్తీ, చేతులు మోచేతుల పైదాకా ఖాళీ. గాలి వీస్తోంది, మధ్యమధ్య మొగులు కమ్ముతోంది. అందుకే ఎండ అంత తీవ్రంగా ఉన్నట్టు అనిపించలేదు. చర్మాన్ని కాల్చేది వేడి కాదని, ఎండలోని అతినీలలోహిత కిరణాలని, గాలి చల్లగా తగిలినా అవి తమ పని తాము చేసుకుపోతాయని నాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం స్నానానికి నీళ్లు పోసుకుంటే ప్రాణం పోయినంత పనైంది. నేను నల్లగా ఉంటాను, ఎరుపు కనిపించలేదు. ‘మన రంగుకు ఎండేం చేస్తది బిడ్డా, బడలిక అంతే’ అంది అమ్మ. కానీ ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఎనిమిదయ్యేసరికి జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయాను.

విషయం తెలిసి వాడకట్టు అంతా వచ్చింది. ఒకరు కిరాణా కొట్టు నుంచి ఐసు తెచ్చారు, ఒకరు టూత్‌పేస్ట్ పూయమన్నారు, అమ్మ నెయ్యిలో పసుపు కలిపి పట్టుకొచ్చింది. అందరిదీ ప్రేమే, అందులో సందేహం లేదు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆశా వర్కర్‌గా చేసే మా వదిన. వదినా, నువ్వు ఆ రాత్రి రాకపోతే నా వీపు ఏమయ్యేదో. ఐసు నేరుగా పెడితే కమిలిన చర్మం ఇంకా దెబ్బతింటుందని దాన్ని పక్కన పెట్టించావు. నెయ్యి, నూనె ఇప్పుడు పూస్తే లోపలి వేడి బయటికి పోదని అమ్మకు నెమ్మదిగా చెప్పావు. టూత్‌పేస్ట్, నిమ్మరసం అసలే వద్దన్నావు. నాయన పాత ధోవతి చింపి, రంజన్ కుండలోని నీళ్లలో ముంచి, పిండి, వీపు మీద పరిచావు. పది పదిహేను నిమిషాలు ఉంచి తీయడం, కాసేపు గాలికి ఆరనివ్వడం, మళ్లీ పరచడం.

మొదటి గుడ్డ పడ్డప్పుడు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, అంత హాయిగా ఉండి.

పన్నెండు దాటాక వదినను ఇంటికి పంపి పక్కింటి అవ్వ కూర్చుంది. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లవారుజాము దాకా గుడ్డ మారుస్తూనే ఉంది. మధ్యలో లేపి ఉప్పేసిన సల్ల తాగించింది. చర్మం కాలినప్పుడు ఒంట్లో నీరు తగ్గుతుందని వదిన ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా ఇచ్చిపోయింది. అవ్వకు మాత్రం సల్ల మీదే నమ్మకం. నేను రెండూ తాగాను.

పొద్దున అవ్వే వాళ్ల పెరట్లోని కలబంద మట్ట కోసుకొచ్చింది. దాన్ని అవ్వ ఎట్లా తయారుచేసిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది విరిచి అట్లాగే రుద్దేస్తారు. మట్టను కోసిన వైపు కిందికి పెట్టి కాసేపు నిలబెట్టింది. పసుపు రంగు సొన కారిపోయింది. అది ఒంటికి దురద పుట్టిస్తుందట. తర్వాత కడిగి, ముళ్ల అంచులు, తోలు తీసేసి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే గిన్నెలో వేసి మళ్లీ కడిగింది. ముందు ముంజేతి మీద కొంచెం రాసి, దురద రాలేదని చూశాకే మెడ మీద, వీపు మీద పూసింది. రుద్దలేదు, వేళ్లతో అద్దింది.

అయినా ఆదివారం మధ్యాహ్నానికి మంట ఇంకా పెరిగింది, భుజం మీద చిన్న పొక్కులు లేచాయి. భయపడి పల్లె దవాఖానకు ఫోన్ చేస్తే డాక్టరమ్మ సెలవు రోజైనా ఎత్తి, మరునాడు పొద్దున్నే రమ్మన్నారు. ఎండకు కాలితే ఒక రోజు గడిచేదాకా నొప్పి పెరుగుతూనే ఉంటుందని, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుందని ధైర్యం చెప్పారు. పారాసిటమాల్ వేసుకోమన్నారు, పొక్కులు గిల్లొద్దన్నారు. జ్వరం, చలి, వాంతులు, కళ్లు తిరగడం ఏది వచ్చినా, పొక్కులు పెద్దగా పాకినా రేపటి దాకా ఆగకుండా మిర్యాలగూడ పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అవేవీ రాలేదు.

సోమవారం ఆమె అడిగిన మొదటి ప్రశ్న: ‘ఏమైనా గోలీలు వాడుతున్నావా తల్లీ?’ మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నాను. అది వాడేవాళ్లకు మామూలు ఎండకే చర్మం తొందరగా కాలుతుందట. రాసిచ్చిన చోట ఈ మాట నాకెవరూ చెప్పలేదు. అదే కళ్లంలో నాకంటే ఎక్కువసేపు ఉన్నవాళ్లకు ఏమీ కాకుండా నాకే ఎందుకైందో అప్పుడు అర్థమైంది. అక్కడే నా చర్మ డాక్టర్‌కు ఫోన్ చేయించి, మందు మార్పించేదాకా ఊరుకోలేదు. డాక్టరమ్మా, మీకు చాలా రుణపడి ఉన్నాను.

ఇక వడ్ల సంగతి. ఆదివారం నేను బోర్లా పడుకుని ఉండగా సాయంత్రం మబ్బు కమ్మింది. నాయన కట్టె పట్టుకుని బయల్దేరబోయాడు. ఆయన గడప దాటేలోపే ఫోన్ వచ్చింది: ‘అన్నా నువ్వు రాకు, కుప్ప చేసినం, పరదాలు కప్పినం.’ మా రాశి పక్కన వడ్లు పోసుకున్న రెండు కుటుంబాలు, హమాలీ అన్నలు కలిసి చేశారు. వాళ్ల కుప్పల కంటే ముందు మాది కప్పారని తర్వాత తెలిసింది. సోమవారం ఎండకు వాళ్లే విప్పి తిరగేశారు. మంగళవారం తేమ 16.8 వచ్చింది, కాంటా అయింది. ఒక్క గింజ తడవలేదు. అన్నలూ, అక్కలూ, ఈ మేలు మా ఇంట్లో ఎవరం మర్చిపోం.

కలబందతో, తడిగుడ్డతో కాలిన చర్మం రాత్రికి రాత్రి బాగైపోదు. మంటను ఓర్చుకునేంత తగ్గిస్తాయి, చర్మం తన రోజులు తాను తీసుకుంటుంది. నాకు ఐదో రోజు నుంచి పొట్టు లేచింది. లాగకుండా వదిలేశాను. వేడి పూర్తిగా పోయాక కొబ్బరినూనె రాసుకోవడానికి వదిన ఒప్పుకుంది.

చివరగా మా పెద్దత్తకు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, కూలికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు. దుమ్ముకు, వడ్ల దురదకు అనుకునేదాన్ని. హైదరాబాద్ బస్ ఎక్కే రోజు మామయ్య కాటన్ చొక్కా ఒకటి ఉతికి మడిచి నా చేతిలో పెట్టి, ‘ఇది ముందే ఇయ్యాల్సింది బిడ్డా’ అన్నావు. అత్తా, చొక్కా నా దగ్గర భద్రంగా ఉంది. వానాకాలం నాట్లకు అది వేసుకునే వస్తాను.