మన ఊళ్ళో నాటకం వేసే ముందు

చిన్నీ,

నీ చిన్నప్పటి బ్లడ్ క్యాన్సర్ మీద నువ్వు రాసిన పాటల నాటకం మన ఊరికి వస్తోందని ఫోన్ చేసినప్పుడు మీ నాన్న ఎగిరి గంతేశారు. నేను పెద్దగా మాట్లాడలేదని నువ్వు చిన్నబుచ్చుకున్నావట, తమ్ముడు చెప్పాడు. సంతోషం లేక కాదే. ఫోన్లో తేలే మాటలు కావని రాస్తున్నాను.

మీ కాలేజీలో చూసినవాళ్ళకి అది ఒక కథ. ఇక్కడ హాల్లో కూర్చునేవాళ్ళలో చాలామంది ఆ కథలో ఉన్నవాళ్ళే. నీకు నరం దొరక్క పదే పదే గుచ్చి, బయటికెళ్ళి కళ్ళు తుడుచుకున్న సిస్టరు వస్తుంది. ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి అర్ధరాత్రి బండేసుకొచ్చిన నాన్న స్నేహితులు వస్తారు. అవి ఐదారు రోజులకి మించి నిల్వ ఉండవు కాబట్టి అవసరం పడిన ప్రతిసారీ మనిషిని వెతుక్కోవాల్సిందేగా! జబ్బు అంటుకుంటుందేమోనని పిల్లల్ని నీతో ఆడుకోనివ్వని ఎదురింటివాళ్ళూ వస్తారు. వాళ్ళ మీద నువ్వు రాసిన పాట తీసేద్దామా అని తమ్ముణ్ణి అడిగావట. తియ్యకు. బ్లడ్ క్యాన్సర్ అంటుకోదని ఎంత చెప్పినా తలకెక్కనివాళ్ళకి పాటైనా ఎక్కుతుందేమో చూద్దాం.

నా మీద రాసిన పాట కూడా అలాగే ఉంచు. వరండాలో ఏడ్చి, మొహం కడుక్కుని, నవ్వుతూ లోపలికొచ్చే అమ్మ. నీకు నాలుగేళ్ళు, ఏం తెలుస్తుందిలే అనుకునేదాన్ని. అన్నీ చూస్తూనే ఉన్నావన్నమాట!

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నడక. వింక్రిస్టిన్ అన్న క్యాన్సర్ మందు పడుతున్న రోజుల్లో నీ పాదాలు పైకి లేచేవి కావు, వేళ్ళు నేలకి రాసుకుంటూ నడిచేదానివి. ఆ ఈడుపునే తాళం చేసి, దాని మీద పదిమందీ డాన్సు చేస్తుంటే ముందు నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. ఇదేం ఆట అనిపించింది. రెండో చరణానికి నా కాలూ ఆడింది. స్టెరాయిడ్ల పాటకి జనం నవ్వుతారు, నవ్వనీ. మొహం ఉబ్బి, ఇరవైనాలుగ్గంటలూ ఆకలంటూ, ఇస్తే విసిరికొట్టే పిల్లని చూసి మేమూ అప్పుడప్పుడూ నవ్వుకున్నాం.

యల్లాప్రగడ సుబ్బారావుగారి పాట మీద మాత్రం ఒక మాట. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అన్న మందుని అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. పదహారు మందిలో పదిమందికి తగ్గింది, కానీ కొన్ని నెలలే. ఆ 'కొన్ని నెలలే' అన్న ముక్క పాట మొదటి ప్రతిలో ఉంది, మొన్న పంపిన రికార్డింగులో లేదు. చప్పట్లు తగ్గుతాయని తీసేశారా? మళ్ళీ పెట్టు. ఆ మందుకి తోబుట్టువైన మెథోట్రెక్సేటే నీ వెన్నులోకి ఎక్కించారు. అప్పుడు నెలలు దక్కిన చోట ఇప్పుడు మంచి వైద్యం అందిన పిల్లల్లో నూటికి ఎనభై, తొంభై మంది బతుకుతున్నారంటే, ఆ నెలల మీదే కట్టుకుంటూ వచ్చారు. అది తీసేస్తే పాట ఉత్త భజన అవుతుంది.

ఇక అసలు సంగతి. పక్క మంచం బాబు పాట.

పేరు మార్చావు. కానీ ఆ పసుపుపచ్చ టోపీ మార్చలేదు, మందులేసుకునే ముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టే అలవాటూ మార్చలేదు. వార్డులో ఉన్న ఎవరికైనా మొదటి వరసలోనే తెలిసిపోతుంది. వాళ్ళమ్మ ఈ ఊళ్ళోనే ఉంది. నీ నాటకం గురించి విని, టిక్కెట్లు ఎక్కడిస్తారని నన్నే అడిగింది. అందులో తన కొడుకున్నాడని ఆమెకి తెలియదు.

మీ తాతయ్య పద్యనాటకాల గురించి చెప్పేవారు గుర్తుందా? జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేదట. మనం పడీ పడీ నవ్వేవాళ్ళం. నీ రెండో అంకంలో ఆ బాబుకి జబ్బు తిరగబెట్టాక పాట అయిపోతుంది, లైట్లు వెలగ్గానే వాడి వేషం కట్టిన కుర్రాడు చివరి గుంపుపాటలో కలిసి గంతులేస్తాడు. కాలేజీలో అది నాకే బావుందనిపించింది. ఇక్కడ ఆవిడ పక్కన కూర్చుని చూడలేను.

పాట తీసెయ్యమనడం లేదు. వాడి గురించి ఇంకెవరు రాస్తారు? కానీ ముందు ఆమెని అడగాలి. ఫోన్లో కాదు, వెళ్ళి, పాట మొత్తం పాడి వినిపించి. నేను తోడొస్తాను, కానీ అడగాల్సింది నువ్వే. వద్దంటే వద్దు, కారణం అడక్కు. సరేనంటే టోపీ ఉంచాలో వద్దో, ఆ కుర్రాడు చివర్లో రావాలో వద్దో ఆమే చెప్తుంది. అసలు పేరే పెట్టమన్నా ఆశ్చర్యం లేదు. నీ స్నేహితులు స్క్రిప్టు మనది కదా అంటారు. మీదే, కాదనను. వాడు మాత్రం ఆవిడ పిల్లాడు.

హాలు తేదీ ఖాయం అయ్యేలోపు ఒక ఆదివారం రా. పోస్టరు మీద టోపీ బొమ్మ ఉందని తమ్ముడన్నాడు, అప్పటిదాకా అచ్చుకి ఇవ్వొద్దని మీవాళ్ళకి ఈరోజే చెప్పు.

అమ్మ