గది నంబరు 108

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? రాజమండ్రి లాడ్జిలో ఫోన్ల పని ఒప్పుకున్నావని రాశావు, చాలా సంతోషం. బయటికి వెళ్లే కాల్స్‌కి రూల్స్ ఎలా రాయాలని అడిగావు కదా, నేనూ వారం నుంచి ఇక్కడో లాడ్జిలో అదే పనిలో ఉన్నాను.

నన్ను ఎందుకు పిలిచారో ముందు చెప్తాను. ఒక రాత్రి 205లో దిగిన పెద్దాయనకి ఆయాసం ఎక్కువైంది. కొడుకు కంగారుగా గదిలో ఫోన్ తీసి 108 కొట్టాడు. అంబులెన్స్ వాళ్లు పలకాల్సిన చోట, కింది అంతస్తులో నిద్రపోతున్న ఒకాయన పలికాడు. ఎందుకో తెలిసిందా? గది నంబర్లనే ఎక్స్‌టెన్షన్ నంబర్లుగా, అంటే లాడ్జి లోపలి ఫోన్ నంబర్లుగా పెట్టేశారురా! 100 రిసెప్షన్; 101, 102, 108, 112 గదులు. లాడ్జి ఫోన్లన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ ఫ్రీపీబీఎక్స్ ముందు లోపలి ఎక్స్‌టెన్షన్లు చూసి, అక్కడ దొరక్కపోతేనే అవుట్‌బౌండ్ రూట్ల దగ్గరికి, అంటే బయటి కాల్స్ రూల్స్ దగ్గరికి వెళ్తుంది. కాబట్టి 108కి ఎంత చక్కటి రూల్ రాసినా కాల్ గడప దాటదు. సెల్‌ఫోన్‌తో అంబులెన్స్‌ని పిలిపించి ఆ పెద్దాయన్ని ఆసుపత్రికి చేర్చారట, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మొదట రిసెప్షన్‌తో సహా గదులన్నిటి నంబర్లకీ ముందు 5 చేర్చాను. 108 ఇప్పుడు 5108.

ఇంకో చిక్కు ఉంది. బయటి లైనుకి 0 కొట్టాలని రిసెప్షన్‌లో చెప్తారు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీంచి సెల్‌కి చేయాలన్నా ముందు 0 ఉండాలి. దాంతో జనం రెండు సున్నాలు కొట్టి, 98తో మొదలయ్యే నంబరు కొడుతున్నారు. పాత టెక్నీషియన్ 00తో మొదలయ్యేదంతా ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్ అని రాసి, ఆ రూట్‌ని అన్నిటికన్నా పైన పెట్టాడు. 98 అంటే ఇరాన్ కోడ్! పాపం, ఊళ్లో ఉన్న కూతురికి ఫోన్ చేద్దామనుకున్న ముసలమ్మని మెషీన్ ఐఎస్‌డీ పిన్ అడుగుతోంది. రూట్లని పైనుంచి కిందికి వరసగా చూస్తుంది కాబట్టి వరస తప్పితే ఇలాగే అవుతుంది. నేను బయటి లైను సున్నానే తీసేశాను. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు వస్తే ముందు 0 మెషీనే చేర్చుకుంటుంది. అలవాటుగా ఒక సున్నా కొట్టినా, రెండు కొట్టినా అదనంగా ఉన్నవి తీసేసి పంపుతుంది. ఐఎస్‌డీ గదులకి అసలు లేదు, మేనేజర్ ఫోన్‌కి మాత్రమే, అదీ పిన్‌తో. దీన్ని తెరిచి వదిలేస్తే రాత్రికి రాత్రి ఎవడో చొరబడి వేలకి వేలు బిల్లు చేస్తాడు.

అన్నిటికీ పైన ఎమర్జెన్సీ రూట్. 112, 100, 101, 108 నేరుగా కొట్టినా వెళ్లాలి, పాత అలవాటుతో ముందు 0 కొట్టినా వెళ్లాలి. 2013లో అమెరికాలో, టెక్సాస్‌లోని మార్షల్ అనే ఊళ్లో, కారీ హంట్ అనే ఆవిడ మీద మోటెల్ గదిలో హత్యాదాడి జరిగింది. తొమ్మిదేళ్ల కూతురు నాలుగుసార్లు 911, అంటే అక్కడి ఎమర్జెన్సీ నంబరు కొట్టింది. బయటి లైనుకి ముందు ఇంకో 9 కొట్టాలని ఆ పసిదానికి ఎలా తెలుస్తుంది? కాల్ వెళ్లలేదు, తల్లి చనిపోయింది. ఆ పాప తాత పట్టుబట్టి పోరాడితే 2018లో ఆవిడ పేరుతోనే చట్టం వచ్చింది. నేరుగా కొడితే వెళ్లాలి, కాల్ వెళ్లినట్టు రిసెప్షన్‌కీ తెలియాలి అని. మనల్ని ఎవరూ అడగకపోయినా నువ్వూ అలాగే పెట్టు. అంబులెన్స్ గుమ్మం దాకా వచ్చాక ఏ గదో చెప్పాల్సింది రిసెప్షన్ వాళ్లే కదా.

పరీక్షించేటప్పుడు 108ని పదేపదే విసిగించకు. ఆ రూల్‌ని కాసేపు నీ సెల్‌కి తిప్పుకుని ప్రతి అంతస్తు నుంచీ కొట్టి చూడు.

మీ లాడ్జి గది నంబర్ల జాబితా ఫోటో తీసి పంపు, బుధవారం లోపు చూసి చెప్తాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రమణ