తేదీ తెలిస్తే ఫోను వాళ్లే పక్కన పెడతారు

సంపాదకులకు నమస్కారం.

పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా తెచ్చిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి మన దగ్గరా పిల్లలు, ఫోన్ల గురించి చాలా మాట్లాడుకుంటున్నాం. మంచిదే. కానీ ఇరవై దాటినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తినా ‘ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా’ అని కసరడం దగ్గరే ఆగిపోతోంది. నేను చిక్కడపల్లిలో స్టడీ హాల్ నడుపుతున్నాను. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా నా కళ్లెదుటే ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం.

మా హాల్లో చేరడానికి వచ్చేవాళ్లు ఫ్యాను కింద సీటు అడగరు. ‘ప్లగ్ పాయింట్ ఉన్న సీటుందా అన్నా’ అంటారు. అందులో తప్పేం లేదు. క్లాసులు యూట్యూబ్‌లో, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో, మాక్ టెస్టులు యాప్‌లో, హాల్ టికెట్ వెబ్‌సైట్‌లో. ఫోను లేనిదే వీళ్లకు చదువు లేదు. అది అటక మీద పడెయ్యమని సలహా ఇచ్చే పెద్దలు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మొన్నామధ్య ఒకమ్మాయి ఫోను బోర్లించి, దాని మీద నోట్సు పెట్టి పాలిటీ చదువుతోంది. రెండు పేజీలు తిరగేసిందో లేదో, నోట్సు జరిపి ఫోను చూసింది. మెసేజ్ ఏదీ రాలేదు. అయినా టెలిగ్రామ్ తెరిచింది. ‘ఫలితాలు ఈ వారమేనా?’ అని ఎవరో పోస్టు పెట్టారు. కింద ఎవరెవరు ఏమన్నారో అంతా చదివింది. అక్కణ్నుంచి ఒక రీల్, దాని వెనక ఇంకోటి. తలెత్తేసరికి టీ వేళయింది. అంతసేపు చూసినందుకు మొహంలో సంతోషం ఉందా అంటే అదీ లేదు. తన మీద తనకే చిరాకు.

సరదా కోసం చేసే పనైతే సరదా తీరాక మానేస్తారు. ఇది అలాంటిది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. బిళ్లను ముక్కుతో ఇన్నిసార్లు పొడిస్తే గింజ అని లెక్క ఉన్నప్పుడు, గింజ దొరకగానే పావురం కాసేపు ఆగేది. ఎన్నోసారికి పడుతుందో తెలియనప్పుడు మాత్రం ఆగకుండా పొడుస్తూనే ఉండేది. గింజలు వెయ్యడం మానేసినా ఆ అలవాటు ఓ పట్టాన పోయేది కాదు. తర్వాత 1990ల్లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడును పరిశీలించి, ముందే తెలిసి వచ్చే పండ్ల రసం కన్నా అనుకోకుండా దొరికిన రసానికే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎక్కువ స్పందిస్తాయని చూపించాడు. యాప్‌ల వ్యాపారం నడిచేది ఈ బలహీనత మీదే. మన దేశంలో 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధిస్తే, ఆ ఖాళీ నెల రోజులైనా నిలవలేదు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్.

అయితే నా ఫిర్యాదు యాప్‌ల మీద కాదు. వాటిని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎప్పుడు పడుతుందో తెలియని గింజ మన ప్రభుత్వ నియామకాల్లోనూ ఉంది. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నవంబరుకు, తర్వాత 2024 జనవరికి, ఆపై ఆగస్టుకు వాయిదా పడుతూ చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాస్తే పేపర్ లీకుతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు తీర్పుతో పోయింది. 2024 జూన్‌లో మూడోసారి పెట్టారు. వాయిదాల్లో కొన్ని అభ్యర్థులే పట్టుబట్టి అడిగినవి, అదీ నిజమే. కారణం ఏదైతేనేం, ఈ కాలమంతా గంటకోసారి ‘ఏమైనా వచ్చిందా’ అని ఫోను చూసినవాణ్ని పిచ్చోడని ఎలా అంటాం? అధికారిక మాట లేనిచోట టెలిగ్రామ్ ఛానళ్లే గెజిట్ అయి కూర్చుంటాయి. నకిలీ నోటీసులూ అక్కడే తిరుగుతాయి.

దీనికి తోడు భయం ఒకటి. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజు హాల్లో రీల్స్ చూసేవాళ్లు ఎక్కువ. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి ‘పరీక్ష ఎప్పుడన్నారు నాన్నా’ అని అడిగాక కూడా అంతే. ఓ పది నిమిషాలు ఆ టెన్షన్ మర్చిపోదామని మొదలుపెడతారు. అది గంటవుతుంది. టైం పోయిందన్న బాధ మళ్లీ ఇంకో టెన్షన్. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు తిడితే ఫోను మూతపడదు, ఇంటికి ఫోన్ చెయ్యడం మానేస్తారు. వీళ్లను రోగులనడం కూడా తొందరపాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది గానీ ఫోను ఎక్కువ చూడటాన్ని చేర్చలేదు. నిద్రా తిండీ చెడి, చెయ్యి దాటిపోతోందనుకుంటే మాత్రం 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటివాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది.

మా హాల్లో తలుపు పక్కన ఫోన్లు పెట్టుకునే అర ఒకటి ఏర్పాటు చేశాం. పెట్టాలన్న బలవంతం లేదు. పరీక్ష తేదీ ఖాయమైతే అందులో చోటు చాలదు. ఫలితాలంటూ పుకార్లు నడిచే రోజుల్లో నా ఫోను ఒక్కటే ఉంటుంది. క్రమశిక్షణ లేదని మనం తిట్టే పిల్లలే వీళ్లు.

2024 ఆగస్టులో తెలంగాణ శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. ఏ నెలలో ఏ నోటిఫికేషన్ వస్తుందో చెప్పడం బాగుంది, దాన్ని నిలబెట్టుకోవాలి. దాంతోపాటు రెండు తెలుగు రాష్ట్రాల నియామక సంస్థలూ ఒక చిన్న పని చెయ్యవచ్చు. ఏ ప్రకటనైనా వారంలో ఒకే రోజు, ఒకే వేళకు ఇవ్వండి. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు అనుకుందాం. చెప్పడానికేమీ లేకపోతే ఏమీ లేదని ఒక్క ముక్క రాయండి. కోర్టు స్టేల్లాంటివి శుక్రవారం దాకా ఆగవు, నిజమే. అలాంటప్పుడు ఎస్ఎంఎస్ పంపండి. దరఖాస్తు చేసినప్పుడు తీసుకున్న ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి కదా!

– ఒక స్టడీ హాల్ నిర్వాహకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్